పొరమండిగలో చేదుగింజ

మంజులగిరి యువరాజు మకరందుడు నిశ్చలదుర్గం వంటశాలలో అడుగుపెట్టేసరికి అతడి కాళ్ళు అతడివి కాకుండా పోయాయి. కాళ్ళున్నాయి, నడుస్తున్నాయి. కాని వాటి కింద నేల ఉందో లేదో వంగి చూసుకుంటే తప్ప తెలియడం లేదు.

వచ్చే దారిలో, కనుమ మలుపు దగ్గర, చలిపాము అతడి మడమ మీద కాటు వేసింది. చలిపాము విషం ప్రాణం తీయదు. అంత తొందర దానికి లేదు. కాలివేళ్ళ కొసల నుంచి, చేతివేళ్ళ కొసల నుంచి బయలుదేరి, నింపాదిగా గుండె వైపు నడుస్తుంది. నడిచినంతమేరా నొప్పిని, వేడిని, చలిని తుడిచిపెడుతుంది. గుండెను చేరిందా, ఇక ఆ మనిషికి దుఃఖం లేదు, భయం లేదు, నావాళ్ళు అనే మాట లేదు. ఆ దుర్గాన్ని ఏలే మాంత్రికుడు ఎక్కడ నిలబెడితే అక్కడ కళ్ళు తెరుచుకుని నిలబడిపోతాడు.

విషం గుండెకు ఇంకా చేరకపోయినా దాని చల్లదనం ముందే సోకింది. కాటు పడిన కాసేపటికి మంజులగిరి నుంచి ఒక రౌతు గుర్రాన్ని చావగొట్టి తోలుకుంటూ వచ్చి, మహారాణి కన్నుమూసిందని చెప్పి నేలమీద పడి ఏడ్చాడు. మకరందుడు తల్లి చావు కబురు పూర్తిగా విన్నాడు. విని, "గుర్రానికి నీళ్ళు పెట్టావా?" అని అడిగాడు. తరువాత రాచదుస్తులు విప్పి, వంటవాడి పంచె కట్టుకుని, నెత్తిన మూట పెట్టుకుని కొండ ఎక్కాడు.

ఆ దుర్గం గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. స్ఫటికపు ప్రాకారాలు, వెండి బురుజులు, నీలాలు తాపిన గవాక్షాలు, చంద్రకాంతశిలలు పరిచిన రాజమార్గాలు. ఉద్యానంలో జలయంత్రాల నుంచి ఎగసిన నీరు ఎగసినట్టే గడ్డకట్టి ముత్యాల గొడుగులా నిలిచి ఉంది. పురి విప్పిన నెమళ్ళు విప్పినట్టే ఉన్నాయి. అక్కడ పొద్దు వాలదు. సూర్యుడు కొండకొమ్మును ఆనుకుని వెలుగు మాత్రం ఇస్తాడు, వెచ్చదనం ఇవ్వడు. ద్వారం దగ్గర కావలిభటుడు ఈటె పట్టుకుని నిటారుగా నిలబడి ఉంటే, అతడి శిరస్త్రాణంలో పిచ్చుక గూడు కట్టి పిల్లల్ని కూడా లేపింది. అంత అందం, అంత ఐశ్వర్యం! నాకైతే ఊరికే ఇచ్చినా వద్దు.

ఈ దుర్గానికి ఏలిక హిమదంష్ట్రుడనే మాంత్రికుడు. దేశదేశాల కన్యలను ఎత్తుకొచ్చి సభలో బొమ్మలకొలువు పెట్టినట్టు కూర్చోబెట్టుకున్నాడు. పోయిన వసంతంలో మకరందుడి చెల్లెలు కువలయను కూడా అలాగే తెచ్చాడు. ఇంతమంది వెచ్చదనాన్ని పీల్చుకున్నవాడికి ఒకే ఒక్క కొరత. నాలుక మీద ఏం పెట్టుకున్నా రుచి తెలియదు. అందుకే చాటింపు వేయించాడు. తనకు రుచి తెలిసేలా వండినవాడికి కోరినది ఇస్తాడట. వండలేనివాడు సభామండపంలో స్తంభమవుతాడట. ఆ మండపంలో స్తంభాలకు లోటు లేదు.

వంటశాలలో పోలమ్మ అనే ముసలిది ఒక్కతే ఉంది. పొయ్యి ముందు కూర్చుని చల్లారిన బూడిదను పుల్లతో కెలుకుతోంది.

"ఏటి బాబూ, నువ్వేనేటి కొత్త వంటోడివి?"

"నేనే అవ్వా."

"ముందొచ్చినోడు పాయసం వండినాడు. ఆడి ముందోడు పులిహోర వండినాడు. ఇప్పుడిద్దరూ పక్కపక్కనే నిలబడి దూలం మోస్తన్నారు. నువ్వేటి వండతావు?"

"పొరమండిగ" అన్నాడు మకరందుడు మూట విప్పుతూ. అందులో గోధుమపిండి, నెయ్యి, అక్రోటు పప్పు, బాదం పప్పు, తేనె ఉన్నాయి. నడుముకు కట్టుకున్న గుడ్డలో మాత్రం ఒకే ఒక్క నల్లని గింజ ఉంది.

అవ్వను అడిగితే ఏదైనా చెబుతుంది. అడగకపోతే చెప్పదు. మేలు చేయాలనీ లేదు, కీడు చేయాలనీ లేదు, కనీసం దాచాలన్న ఆశ కూడా ఆమెలో మిగల్లేదు. మకరందుడు పిండి తడుపుతూ అడిగాడు, ఆమె చెప్పింది.

"సభలో ఆడపిల్లలున్నారే, ఆళ్ళందరికీ ఒకటే మొకం తొడిగినాడు బాబూ. పేర్లు తీసేసినాడు. పేరెట్టి పిలిస్తే మొకం రాలిపోయి మనిషి లెగుస్తాది. అయితే ఒకలి పేరు ఇంకొకలికి పెట్టి పిలిచినావో, ఆ పేరుగల పిల్ల కూకున్నకాడే రాయైపోద్ది. ఎవల పిల్ల ఎవలో ఎవడికి తెలుస్తాది?"

"ఇక్కణ్ణుంచి కిందికి దిగే దారి?"

"అదిగో, కుడితి పారబోసే కిటికీ. తొట్టె దించే గొలుసుంది, కింద ఏటిదాకా. ఆ గొలుసు ముట్టుకుంటే చలికి తోలు ఊడొస్తాది. ఒళ్ళు తెలిసినోడు పట్టలేడు. ఒళ్ళు తెలీనోడికి దిగాలని ఉండదు."

మకరందుడు తన చేతులకేసి చూసుకున్నాడు. విషం అప్పటికే మణికట్లు దాటింది. పోనీలే, గొలుసుకు పనికొస్తాయి అనుకున్నాడు. ఆ అనుకోవడంలో సంతోషమేమీ లేదు.

పొరమండిగ చేయడం వంటవాళ్ళ దగ్గర నేర్చుకున్నది కాదు. మంజులగిరిలో ఏడాదికోసారి, కోట ముట్టడి వీడిన రోజున, ఏ ఇంటి మండిగ ఆ ఇంటివాళ్ళే చేసుకోవాలి. రాజుగారి ఇంట్లోనైనా అంతే. మహారాణి కొంగు బిగించి కూర్చుంటే పిల్లలిద్దరూ చెరోవైపు చేరి నేతిగిన్నెలో వేళ్ళు ముంచేవాళ్ళు.

పిండిని వెన్నలా మర్దించి, తడిబట్ట కప్పి నాననిచ్చాడు. తరువాత ఉండలు చేసి, అప్పడమంత ఒత్తి, ఆపైన చేతుల వెనకభాగం మీద వేసుకుని నెమ్మదిగా సాగదీయాలి. వేళ్ళు తగిలితే చిరుగుతుంది. ఎంత పలచన కావాలంటే, పొర కింద చేతినరం నీలంగా కనబడాలి. ఆ సాగడం చేతికి తెలియాలి మరి! మకరందుడికి తెలియలేదు. మొదటి పొర చిరిగింది. ముద్ద చేసి మళ్ళీ సాగదీస్తే మళ్ళీ చిరిగింది. మామూలు మనిషైతే పీట విసిరికొట్టేవాడు. ఇతడికి విసుగు రాలేదు. ఆ పాము చేసిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే. చేతిని నమ్మడం మానేసి కంటిని నమ్ముకున్నాడు. నరం కనబడగానే ఆపాడు.

"ఇంత పని ఎందుకు బాబూ? రొట్టె రొట్టెలా తినేత్తే పోదా?" అంది పోలమ్మ.

"మా ఊరిని శత్రువులు ముట్టడించినప్పుడు మొదలైంది అవ్వా. వంట చెరకు అయిపోయింది. ఇంటికొక రొట్టె కాల్చే దారి లేదు. అప్పటి రాణి ఇంటికొక పొర తెమ్మంది. డాళ్ళు బోర్లించి వాటిమీద సాగదీశారు. అన్ని ఇళ్ళ పొరలూ ఒకే పళ్ళెంలో పేర్చి, మధ్యమధ్య ఎవరింట్లో ఉన్న పప్పు వాళ్ళు చల్లి, ఒకే నిప్పు మీద కాల్చారు. గోడల మీది సైనికులు అంబులపొదుల్లో పెట్టుకుని నెలల తరబడి అదే తిన్నారు."

ఇది రాజవంశం వాళ్ళు చెప్పే కథ. మంజులగిరి వంటవాళ్ళ కథ వేరే ఉంది. ఎవడో బద్ధకస్తుడు రొట్టెలు ఒక్కొక్కటే కాల్చలేక అన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి మూత పెట్టి నిద్రపోయాడట. ఏది నిజమో నాకు తెలియదు. నేతిలో వేగిన అక్రోటు ఎదురుగా ఉంటే నేను చరిత్ర అడగను.

"ఆ నల్లగింజేటి?"

"చేదుబాదం. ఒక ఇల్లాలి కొడుకు ఆ పొద్దునే కోటగోడ మీద పోరాడుతూ చనిపోయాడు. ఆమె దగ్గర తీపి పప్పేమీ లేదు. ఉన్న రెండు చేదుగింజల్లో ఒకటి తెచ్చి, నా ఇంటిది ఇది, వేస్తారా అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు వద్దన్నారు. రాణి వేయించింది. ఆ గింజ ఎవరికి వచ్చిందో వాళ్ళు ఒక్కరే తినకూడదని కట్టడి చేసింది. రెండో గింజను ఆ తల్లి తన వాకిట్లో నాటింది. ఆ చెట్టు కాయ నోట్లో వేసుకుంటే ఎంతటి మొండివాడికైనా ఏడుపొస్తుంది. మా ఊళ్ళో ప్రతి ఇంటి మండిగలో ఆ చెట్టు గింజ ఒకటుంటుంది."

ఇదంతా అతడు పద్దు చదివినట్టు చెప్పాడు. ఈ గింజను బయలుదేరేటప్పుడు తల్లి మంచం మీద నుంచి చేయి చాచి ఇచ్చిందనీ, "ఇది వేయడం మరిచిపోకు నాయనా, పిల్ల లేస్తుంది" అన్నదనీ చెప్పలేదు. పోలమ్మ అడగలేదు, అతడికి తోచలేదు.

పళ్ళెంలో అడుగు పొర పరిచాడు. ఇక్కడ ఏ దేశపు రాకుమారుడైనా చేసే పని ఒకటుంది. గింజ ఎక్కడ పెట్టిందీ గుర్తుపెట్టుకోవడం. మంజులగిరివాడు ఆ పని చేయలేడు. చేదు ఎవరికి వస్తుందో చేసేవాళ్ళకు తెలియకూడదని అక్కడ పుట్టినప్పటి నుంచీ నేర్పుతారు. చెల్లెలి ప్రాణం ఆ గింజ మీద ఆధారపడి ఉందని తెలిసి కూడా మకరందుడు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు, పళ్ళేన్ని గిర్రున తిప్పాడు, చేతికి అందినచోట గింజ పెట్టాడు. దానిమీద పొర, పొరమీద గరికకుచ్చుతో నెయ్యి, కచ్చాపచ్చాగా దంచిన పప్పు, మళ్ళీ పొర. అన్నీ పేర్చాక కాల్చకముందే వజ్రాల ఆకారంలో ముక్కలు కోశాడు. కాలాక కత్తి పెడితే పొరలన్నీ పొట్టులా రాలిపోతాయి.

కింద నిప్పులు, మూతమీద నిప్పులు. సెగ సరిపోయిందా అన్నది అరచేయి చెప్పాలి. ఊపిరి బిగబట్టినంతసేపు ఓర్చుకుని, ఆపైన చేయి ఓర్చుకోలేకపోతే సెగ సరిపోయినట్టని అమ్మ లెక్క. మకరందుడు నిప్పులపై చేయి చాచి ఊపిరి బిగబట్టాడు. ఊపిరి వదిలాక కూడా చేయి ఓర్చుకుంది. నిప్పు చాలదనుకుని చేయి ఇంకా దించాడు.

"బాబూ, నీ చెయ్యి మాడతాంది" అంది పోలమ్మ, వాన పడుతోంది అన్నట్టు.

చూసుకుంటే అరచేయి ఎర్రగా పొంగి, చర్మం ఊడి వస్తోంది. అతడు దాన్ని పంచెకు తుడుచుకున్నాడు. మూతమీద చిటికెడు పిండి చల్లి, అది బంగారు రంగుకు తిరగడం చూసి, సెగ కుదిరిందని తేల్చుకున్నాడు. కాసేపటికి నెయ్యి, అక్రోటు, కాలిన గోధుమ కలిసిన కమ్మని వాసన వంటశాల నిండా పరుచుకుంది. ఆ వాసనకు రాళ్ళు కూడా నోరూరించుకోవాలి. అక్కడున్న ఇద్దరూ మాత్రం గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

సభామండపంలో మంచుసింహాసనం మీద హిమదంష్ట్రుడు కూర్చుని ఉన్నాడు. పాలరాతి రంగు దేహం, పాదాల దాకా జాలువారే నీలపుజడలు, పెదవి దాటిన కోరలు, చేతిలో ఎముకల దండం. సింహాసనానికి ఇరువైపులా కన్యలు వరుసలు తీరి కూర్చున్నారు. అందరికీ తెల్లని మేలిముసుగులే. ముసుగు కింద అందరిదీ ఒకటే ముఖం. ఎక్కడి ముక్కో, ఎక్కడి చెక్కిళ్ళో, ఎవరిదీ కాని చిరునవ్వు. మకరందుడు వరుస పొడవునా చూశాడు. కువలయ వాటిలో ఉంది. ఏది కువలయో తెలియలేదు.

నిప్పుల పళ్ళేన్ని సభలోకే మోసుకొచ్చాడు. ఎందుకంటే పాకం పోయడం తినేవాళ్ళ ఎదుటే జరగాలి. మండిగ వేడిగా, తేనెపాకం చల్లగా ఉండాలి. రెండూ వేడయితే పొరలు ముద్దవుతాయి. మూత తీసి పాకం పోయగానే పళ్ళెం అంతా చిటపటమని పాడింది. ఆ దుర్గంలో అంత చప్పుడు విని ఎన్నాళ్ళయిందో!

"ముందు వండినవాడు తినాలి. తరువాత నా కన్యలు. తరువాత నేను" అన్నాడు హిమదంష్ట్రుడు. దండం కొసతో ఒక ముక్కను చూపించాడు.

మకరందుడు ఆ ముక్క తీసుకున్నాడు. తీసుకుని, నోట్లో పెట్టుకోబోయేముందు, తలకిందులుగా తిప్పి అడుగు చూశాడు.

అదీ అతడు చేసిన తప్పు. మంజులగిరిలో పాలుతాగే పిల్లవాడు కూడా పొరమండిగ చేతికిస్తే ముందు తిరగేసి చూస్తాడు, చేదుగింజ తనకొచ్చిందేమోనని. చేయి దానంతట అదే తిరుగుతుంది. కువలయ కూడా అలాగే తిప్పుతుందనీ, ముఖం పోయినా పేరు పోయినా ఆ చేతి అలవాటు పోదనీ, అందరిలోంచి ఆమెను పట్టించేది అదేననీ నమ్ముకుని ఇంతదూరం వచ్చినవాడు, ముందు తనే పట్టుబడిపోయాడు.

హిమదంష్ట్రుడి కోరలు మెరిశాయి.

"ఓహో! ఈ తిప్పడం నేనెరుగుదునోయ్. పోయిన వసంతంలో సాధువేషంలో మీ పంక్తిలో కూర్చున్నాను. ముక్కలు చేతికి రాగానే రాజు దగ్గర నుంచి దాసి దాకా అందరూ తలలు వంచి అడుగులు చూసుకోవడంలో మునిగిపోయారు. అదే అదనుగా నీ చెల్లెల్ని ఎత్తుకొచ్చాను. యువరాజా, నీ చెల్లెలు ముక్క తిప్పుతుందనేగా నీ ఆశ? కన్యలారా! అందరూ ముక్కలు తీసుకోండి. అందరూ తిప్పండి!"

కన్యలందరి చేతులూ ఒక్కసారే కదిలాయి. ముక్కలన్నీ ఒక్కసారే తిరిగాయి. ఆ వరుస ఈ వరుస అని లేకుండా గుర్తు చెరిగిపోయింది.

"ఇక పిలువు. నీ ఇష్టం వచ్చినదాన్ని కువలయా అని పిలువు. పిలవకపోతే నువ్వు స్తంభమవుతావు. తప్పు పిలిస్తే అది రాయవుతుంది."

గుండెలు పగలాల్సిన సమయమది. మకరందుడి గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. అతడు చేతిలోని ముక్కకేసి చూశాడు. పలచని అడుగు పొరలోంచి గింజ నల్లగా కనబడుతోంది. చేదు అతడికే వచ్చింది.

చేదు వచ్చినవాళ్ళు మంజులగిరిలో ఏం చేస్తారో అతడు అదే చేశాడు. ముక్కను తల ఎత్తున పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు.

మాంత్రికుడికి ఇది తెలియదు. ఆనాడు చేదు ఎవరికి వచ్చిందో తేలకముందే పిల్లను ఎత్తుకుని ఆకాశమార్గం పట్టినవాడికి, మిగతా సగం ఆచారం ఎలా తెలుస్తుంది? అతడు నవ్వుతూనే ఉన్నాడు.

కన్యలు తింటున్నారు. నోళ్ళు కదులుతున్నాయి, కళ్ళు కదలడం లేదు. మకరందుడి చేయి పైనే ఉంది. అప్పుడు ఎడమవైపు వరుసలో, స్తంభం నీడన కూర్చున్న ఒక బొమ్మ తినడం ఆపింది. దాని కుడిచేయి ఒడిలోంచి మెల్లగా లేచి, అరచేయి పైకి తిరిగి, ముందుకు చాచుకుంది. ఇంట్లో చేదు ఎవరికి వచ్చినా పక్కవాళ్ళు అలాగే చేయి చాస్తారు, నాకూ పెట్టమని.

"కువలయా!"

కేక మండపమంతా మోగింది. ఆ కన్య ముఖం సున్నపు పెచ్చులా రాలి కింద పడింది. దాని వెనక కువలయ ముఖం ఉంది, చిన్నప్పటి గాటుతో సహా. కాని ఆ కళ్ళలో ఇంకా ఏమీ లేదు. మకరందుడు ఒక్క దూకులో ఆమెను చేరి, ముక్కను రెండుగా విరిచి, గింజ సగం ఉన్న ముక్కను ఆమె నోట్లో పెట్టాడు. మిగతా సగం తన నోటికి ఎత్తబోయి ఆగిపోయాడు. ఇప్పుడు తింటే చేతులకు ప్రాణం వస్తుంది. ప్రాణమున్న చేతులతో గొలుసు పట్టలేడు. దాన్ని ఆమె చెంగున ముడివేశాడు.

కువలయ నమిలింది. ముఖం ముడుచుకుంది. తరువాత చంటిపిల్లలా పెదవి విరిచి బావురుమంది.

"అన్నయ్యా! నీ చెయ్యేమిటిలా కాలిపోయింది?"

"తరువాత చూద్దాం, పద."

"భటులారా!" అని గర్జించి హిమదంష్ట్రుడు దండమెత్తాడు. భటులు గోడల్లోంచి ఊడి వచ్చినట్టు కదిలారు. మకరందుడు వెనుదిరిగి, మండుతున్న నిప్పుల పళ్ళేన్ని ఉత్తచేతులతో ఎత్తి సింహాసనం మీదికి విసిరాడు. మంచు బుస్సుమంది. సింహాసనం కరిగి మాంత్రికుడు నడుము దాకా నీళ్ళలో కూరుకున్నాడు. మరుక్షణమే ఆ నీళ్ళు మళ్ళీ గడ్డకట్టి అతడిని బిగించి పట్టుకున్నాయి. తన మంచులో తనే ఇరుక్కుని మాంత్రికుడు బొబ్బలు పెడుతుంటే అన్నాచెల్లెళ్ళు ఈటెల మధ్య నుంచి దూరి, నడవాలు దాటి, వంటశాలలోకి దూకారు.

పోలమ్మ పొయ్యి దగ్గరే ఉంది. మకరందుడు కుడితి కిటికీ తెరుస్తూ, "నువ్వూ రా అవ్వా" అన్నాడు.

"ఎందుకు?" అంది పోలమ్మ.

ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగింది. మకరందుడు గొలుసుకేసి తిరిగాడు. కువలయ మాత్రం ఆ ముసలిదాని మోకాళ్ళు పట్టుకుని ఏడ్చింది. భటుల అడుగులు దగ్గరపడ్డాయి. మకరందుడు చెల్లెల్ని లాగి, మేలిముసుగుతో తన వీపుకు కట్టుకుని, కిటికీలోంచి పాతాళంలోకి వేలాడే గొలుసు అందుకున్నాడు.

కింద మబ్బులు. మబ్బుల కింద ఎక్కడో ఏటి హోరు. గొలుసు కొక్కేలు చలికి తెల్లగా మెరుస్తున్నాయి. పట్టుకున్నచోటల్లా చర్మం అంటుకుని ఊడుతోంది. మకరందుడు అది చూస్తూనే చేయి మార్చి చేయి వేస్తూ దిగాడు. నొప్పి లేదు, భయం లేదు. ఇద్దరి భయమూ కువలయే పడుతోంది.

"అన్నయ్యా, అమ్మ ఎలా ఉంది?"

"అమ్మ పోయింది."

ఇంట్లో ఉప్పు అయిపోయింది అన్నట్టు చెప్పాడు. వీపు మీద కువలయ కొయ్యబారిపోయింది. కాసేపటికి అతడి భుజం మీంచి నీటిబొట్లు జారి, చేతి మీద గడ్డకట్టి నిలిచాయి. వాటిని చూసి, ఏడుస్తోంది కాబోలు అనుకున్నాడు.

"నీకేమీ అనిపించడం లేదా?"

"లేదు. చలిపాము కాటేసింది."

"విషం ఎంతవరకు వచ్చింది?"

"భుజాలు దాటింది."

ఆమె అతడి వీపుకు చెవి ఆనించి వింటూ కూర్చుంది. గుండె కొట్టుకుంటోంది. కొట్టుకునే వేగం తగ్గుతోంది. అతడి చేతులు కూడా మందగించాయి. మబ్బు అంచు అందేంత దగ్గరకు వచ్చాక అతడు దిగడం ఆపేశాడు. గొలుసు వదల్లేదు. ఊరికే పట్టుకుని వేలాడుతూ ఎదుట ఉన్న రాతిగోడకేసి చూస్తున్నాడు.

"దిగు అన్నయ్యా! దిగవేం?"

"ఎందుకు?" అన్నాడు మకరందుడు.

ఆ మాట విని కువలయ పై ప్రాణాలు పైనే పోయాయి. అదే మాట, అదే గొంతు, పొయ్యి దగ్గర ముసలిది అడిగినట్టే. వేళ్ళతో, పళ్ళతో చెంగుముడి విప్పింది. మిగిలిన సగం ముక్కను అతడి మెడ చుట్టూ చేయి పోనిచ్చి నోటి దగ్గర పెట్టింది.

"తిను."

"వద్దు. చేతులకు తెలివొస్తే వదిలేస్తాను. పడిపోతాం."

"పడితే పడదాం. చేదు ఒక్కరే తినకూడదు. నేను తిన్నాను, నువ్వు తినలేదు. అమ్మ చూస్తే ఊరుకుంటుందా? నోరు తెరు!"

అప్పుడే గొలుసు ఒక్క కుదుపు కుదిపింది. పైన కిటికీలో హిమదంష్ట్రుడి నీలపుజడలు కనబడ్డాయి. మంచు వదిలించుకుని వచ్చి భటుల చేత గొలుసు చుట్టే రాట్నం తిప్పిస్తున్నాడు. గొలుసు కిర్రుమంటూ, వాళ్ళిద్దరితో సహా, పైకి పోసాగింది.

మకరందుడు ఎందుకో నోరు తెరిచాడు. చిన్నప్పటి నుంచీ ఆ చేయి పెడితే తిన్న నోరు అది.

మొదట ఏమీ తెలియలేదు. పొరలు నలిగాయి, తేనె తగిలింది, ఏ రుచీ లేదు. తరువాత గింజ పగిలింది. నాలుక కొస నుంచి గొంతు దాకా చేదు దిగింది, వేపకషాయం కూడా దాని ముందు తేనె. కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆ వెనకాలే నొప్పి వచ్చింది. కాలిన అరచేయి, ఊడిన తోలు, మంచుగొలుసు, మడమ మీది కాటు, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. కొండలు మారుమోగేలా అరిచాడు. వేళ్ళు వాటంతట అవే విచ్చుకున్నాయి. వీపు మీద కువలయ బరువు తెలిసింది. వెంటనే మళ్ళీ బిగించాడు.

"కువలయా" అన్నాడు. ఆ గొంతు ఈసారి వేరు. "అమ్మ పోయిందే! నేను గుర్రానికి నీళ్ళు పెట్టావా అని అడిగానే!"

"తెలుసు అన్నయ్యా. ఏడువు. ఏడుస్తూ దిగు."

గొలుసు పైకి పోతూనే ఉంది. మకరందుడు వెక్కివెక్కి ఏడుస్తూ, మండిపోతున్న చేతులు ఒకటి మార్చి ఒకటి వేస్తూ, అది పైకి పోయేదానికంటె వేగంగా కిందికి దిగసాగాడు.